పచ్చ గుర్తు ఫండు

అక్టోబరు 9, సోమవారం

పొద్దున ఆఫీసుకి వెళ్లేసరికి కబురు సిద్ధంగా ఉంది. మా బ్యాంకు అమ్మే చైనా షేర్ల సూచీ ఫండు లావాదేవీలు ఆపేశారట. కొనడానికి లేదు, అమ్మడానికి లేదు, ఎన్నాళ్లో ఎవరికీ తెలియదు. ఎక్కడో విదేశంలో ఏదో సంస్థ కూలిపోయిందట, దానికీ ఈ ఫండుకీ ముడి ఉందట.

మా విభాగం పెద్ద ఔయాంగ్ సారు మధ్యాహ్నం దాకా గది తలుపు మూసుకుని ఫోన్లో ఉన్నారు. బయటికొచ్చి తిన్నగా నా బల్ల దగ్గర ఆగారు.

"సుక్‌మన్, దానికి పచ్చ గుర్తు పెట్టిందెవరు?"

"చూసి చెప్తాను సార్."

నాకు గుర్తులేదు. ఏడాదికి రెండు వందల ఫైళ్లు నా చేతిమీదుగా పోతాయి. ఎవరికైనా ఎలా గుర్తుంటుంది?

అక్టోబరు 10

ఫైలు బీరువాలో లేదు. నా సొరుగులో ఉంది.

అక్టోబరు 12, గురువారం

పంతొమ్మిదేళ్లుగా నేను తింటున్న అన్నం ఈ గుర్తుల పుణ్యమే. బ్యాంకు అమ్మే ప్రతి ఫండునీ ఆరు ప్రశ్నలు అడుగుతాం. సరళం అని తేలితే పచ్చ గుర్తు, అప్పుడు ఎవరైనా ఫోన్లో ఒక్క నొక్కు నొక్కి కొనుక్కోవచ్చు. సంక్లిష్టం అని తేలితే నారింజ గుర్తు. అప్పుడు మా వాళ్లు మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి ఇదేమిటో చెప్పాలి, ఏం పోతుందో చెప్పాలి, ఇది నీకు తగినదేనా అని అడగాలి. నారింజ గుర్తు పెడితే అమ్మకాలు పడిపోతాయి. కాబట్టి నారింజ గుర్తు పెట్టేవాళ్లంటే ఎవరికీ ఇష్టముండదు.

ఈ ఫండుకి ఐదేళ్ల క్రితం పచ్చ గుర్తు పెట్టింది నేను కాదు. అప్పుడది నిజంగానే సరళం. సూచీలో ఏ షేర్లున్నాయో అవే కొని దాచేది, అంతకుమించి తెలివితేటలేవీ లేవు. ఏటా ఒకసారి మళ్లీ చూసి సంతకం పెట్టాలి. ఈ ఏడాది సంతకం మాత్రం నాది. నా పైన ఇంకో ఇద్దరు పెట్టారు. ఇద్దరు.

సాయంత్రం మా భవనం కింద కామ్ బాబాయ్ కనిపించారు. నాకంటే రెండంతస్తుల కింద ఉంటారు. నలభై ఏళ్లు లిఫ్టులు బాగుచేసి రిటైరైన మనిషి. ఇప్పుడు పని లేకపోయినా మా లిఫ్టు ఎక్కినప్పుడల్లా చెవి రిక్కించి వింటారు, ఈ కాలపు మెకానిక్కులని తిడతారు. ఇవాళ లిఫ్టుని తిట్టలేదు. ఫోను నా ముఖం ముందు పెట్టారు.

"అమ్మాయ్, ఇదేంటే, ఇట్లా బూడిదరంగులోకి పోయింది? ఎంత నొక్కినా కదలదు. జబ్బు నా ఫోనుకా, మీ బ్యాంకుకా?"

అదే ఫండు. ఆయన కొన్నారని నాకు తెలియదు. ఆయన ఫోన్లో మా బ్యాంకు యాప్ పెట్టి, ఎలా వాడాలో నేర్పింది మాత్రం నేనే.

"ఎంత పెట్టారు బాబాయ్?"

"ఎంతేంటి, ఉన్నదంతా. పచ్చగా ఉందిగా మరి!"

బ్యాంకువాళ్లు ఉత్తరం పంపుతారు, కంగారుపడకండి అన్నాను. అసలు సంగతి విడమరిచి చెప్పలేదు. చెప్పినా ఆయనకు అర్థం కాదు.

అక్టోబరు 17, మంగళవారం

ఔయాంగ్ సారు గదిలోకి పిలిచారు. టీ కూడా ఇచ్చారు. ఆయన టీ ఇచ్చారంటే నాకు మూడిందనే లెక్క.

"ఒక్క ముక్క కావాలి నాకు. నువ్వు సంతకం పెట్టిన జనవరి ఇరవయ్యారున ఆ ఫండు సరళమా, సంక్లిష్టమా? మళ్లీ మొదట్నుంచీ చూసి రాయి."

"నా సంతకాన్ని నేనే దిద్దుకోవాలా సార్?"

"నీకంటే బాగా ఎవరికి తెలుసు? సరళం అని తేలిందనుకో, కొన్నవాళ్లు వాళ్లంతట వాళ్లు కొన్నట్టే, మనకి పూచీ లేదు. సంక్లిష్టం అని తేలిందనుకో, కూర్చోబెట్టి చెప్పకుండా అమ్మేశాం కాబట్టి మొత్తం వెనక్కివ్వాలి. ఏది రాసినా నీ మాటకి నేను అడ్డురాను."

"ఎప్పటిలోగా?"

"తొందరేం లేదు. నిదానంగా, పద్ధతిగా చెయ్యి. తొందరపడితే ఏమవుతుందో చూశాంగా."

మంచి మాటే అన్నారు. చాలా ఊరటగా ఉంది. పద్ధతిగా చేస్తాను.

అక్టోబరు 23, సోమవారం

చుంగ్ యీంగ్, పోయిన పెద్దల్ని తలుచుకునే రోజు, సెలవు. ఊళ్లోవాళ్లంతా పూలూ పళ్లూ పట్టుకుని కొండల మీద సమాధుల దగ్గరికి పోయారు. కామ్ బాబాయ్ నన్ను హుంగ్ హామ్‌కి తోడు రమ్మన్నారు. సంచిలో వేయించిన పంది మాంసం, నారింజలు, ఒక ఫ్లాస్కు టీ.

శవపేటికలు అమ్మే కొట్టు వెనక గది. ఇనుప అరల మీద వరసగా అస్థికల కలశాలు, నెలకింత అని అద్దె. ఆయన భార్య సావ్‌హా రెండేళ్లుగా పై నుంచి మూడో అరలో ఉంది. గదిలో మా ఇద్దరికీ నిలబడే చోటే లేదు. పక్క కలశం వాళ్లు కూడా వచ్చారు, వంతులవారీగా దండాలు పెట్టుకున్నాం.

"సావ్‌హా, పై వాటాలో ఉండే అమ్మాయి వచ్చిందే" అన్నారు అర వైపు చూసి. తర్వాత నాతో, "ఇక్కడ ఆవిడకి బొత్తిగా నచ్చదు అమ్మాయ్. జనమంటే గిట్టదుగా. నవంబరాఖరు దాకా ఆగమన్నాను."

నవంబరాఖరు ఎందుకంటే, షా తిన్ వైపు ఒక ప్రైవేటు మందిరంలో ఇద్దరి కలశాలూ పట్టే గూడు ఒకటి ఆయన మాట్లాడుకున్నారు. ఏప్రిల్లో చూసొచ్చారు. డబ్బు కొంచెం తక్కువ పడింది, ఈ ఫండులో కొన్ని నెలలు ఉంచితే సరిపోతుందనుకున్నారు. గడువు నవంబరు ముప్పై.

"ప్రభుత్వం గూళ్లు ఉన్నాయిగా బాబాయ్, చవక కూడా."

"ఇరవయ్యేళ్లకే ఇస్తారవి. ఆ తర్వాత మళ్లీ రుసుము కట్టాలి. మాకు పిల్లా పీచూ లేరు, ఎవడు కడతాడు? నేను లేచొచ్చి కడతానా?"

నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

"కట్టకపోతే తీసుకెళ్లి తోటలోనో సముద్రంలోనో పోసేస్తారట. సముద్రమంటే ఆవిడకి చచ్చేంత భయం. ఎదురుగా కనపడే హాంకాంగ్ దీవికి ఒక్కసారి పడవెక్కింది, పెళ్లయిన కొత్తలో. కడుపులో ఉన్నదంతా నా చొక్కా మీదే కక్కింది. ఆ తర్వాత యాభై ఏళ్లూ సముద్రం కింది సొరంగంలో పోయే బస్సే."

వచ్చేటప్పుడు, "మీ వాళ్లు ఇచ్చేస్తారుగా అమ్మాయ్, నవంబరాఖరుకి?" అనడిగారు. పరిశీలనలో ఉంది బాబాయ్ అన్నాను.

పరిశీలనలో ఉంది. అబద్ధమేమీ కాదు.

అక్టోబరు 27

ఆరు ప్రశ్నల్లో ఐదింటికి జవాబు పచ్చ వైపే ఉంది. ఆరులో ఐదు.

నవంబరు 1, బుధవారం

మిగిలింది మొదటి ప్రశ్న. ఫండు చేతిలో నిజంగా షేర్లున్నాయా, లేక ఇంకొకరిచ్చిన మాట మీద నిలబడిందా?

పోయిన డిసెంబరులో ఫండు కంపెనీ ఒక నోటీసు పంపింది. పదకొండు పేజీలు. ఏడో పేజీ అడుగున, ఇకమీదట షేర్లు కొనము, సూచీ ఎంత పెరిగితే అంత చెల్లిస్తానని ఒక విదేశీ సంస్థ ఒప్పందం రాసిచ్చింది, అది పెట్టుకుంటాము అని ఉంది. అక్షరాలు చీమల బారులాగా ఉన్నాయి. పేరు అదే. సూచీ అదే. రోజువారీ ధర కూడా ఎప్పట్లాగే కదిలింది. బయటినుంచి చూస్తే ఎవరూ పోల్చుకోలేరు. ఎవరూ.

సంతకం తేదీ జనవరి ఇరవయ్యారు. అది పని మొదలుపెట్టే రోజు. చైనా కొత్త సంవత్సరం సెలవుల తర్వాత ఆఫీసు తెరిచి, మొత్తంగా కాల్చిన పందిని కోసి, సారు డబ్బు పెట్టిన ఎర్ర కవర్లు పంచే రోజు. మా విభాగంలో ఆ రోజుకి ఒక ఆనవాయితీ ఉంది. భోజనాల లోపు తలా ఒక ఫైలు ఆమోదించి ముగించాలి. ఆ రోజు ఫైలు వెనక్కి పంపకూడదు, అభ్యంతరం అన్న మాట కాగితం మీద పెట్టకూడదు. పెడితే ఏడాదంతా అభ్యంతరాలేనట. అందుకని సెలవులకు ముందే పెద్దగా పని లేని ఫైలు ఒకటి ఏరి పెట్టుకుంటాం. నేను దీన్ని ఏరుకున్నాను. ఐదేళ్లు పచ్చగా ఉన్న సూచీ ఫండు. ఇంతకంటే తేలికైన ఫైలు ఏముంటుంది?

ఇది నా ఒక్కదాని తప్పు కాదు. విభాగంలో అందరూ అదే చేశారు. ఏటా చేస్తారు. ఆ నోటీసు నేను చదవలేదు, అంతే.

నవంబరు 7, మంగళవారం

ఆఫీసు నుంచి వస్తుంటే కామ్ బాబాయ్ నా తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. ఎంతసేపట్నుంచో మరి. చేతిలో మా బ్యాంకు కవరు.

ఈ ఉత్తరాలు పంపుతున్నారని నాకు తెలియదు. ఖాతాదారుల మీద గౌరవంతో, పెట్టినదాంట్లో నాలుగోవంతు వెంటనే ఇస్తామంటున్నారు. పుచ్చుకుంటే ఇక ముందు ఏమీ అడగనని సంతకం పెట్టాలి. గడువు ఈ శుక్రవారం, పదో తేదీ.

"ఏం చెయ్యమంటావే?"

"నేను బ్యాంకు మనిషిని బాబాయ్. నేనేం చెప్పకూడదు."

"బ్యాంకు మనిషివనేగా అడుగుతుంట! చేపల కొట్టువాణ్ణి అడగనా?"

"మీరే ఆలోచించుకోండి. తొందరపడకండి."

"శుక్రవారం దాకానే టైముంది, తొందరపడకండంటుంది!"

లోపలికి రమ్మన్నాను. రాలేదు. కవరు మళ్లీ మళ్లీ మడుస్తూ ఒక నిమిషం నిలబడి, "సరేలే, నీకూ ఉద్యోగం ఉంది" అని లిఫ్టు వైపు నడిచారు.

నా కాగితం ఇంకా పూర్తి కాలేదు. పూర్తి కాని విషయం మీద ఎవరికైనా ఏం చెప్తాను? అదీగాక ఒప్పందాలూ పూచీలూ చెప్పినా ఆయనకు అర్థం కాదు.

నవంబరు 8

"తొందరేం లేదు సుక్‌మన్" అన్నారు సారు ఇవాళ కూడా.

నవంబరు 10, శుక్రవారం

కామ్ బాబాయ్ కనపడలేదు. నేనూ మెట్లమీదుగా వచ్చాను, వ్యాయామం మంచిదని.

నవంబరు 13, సోమవారం

ఇక్కడ కూడా అబద్ధం రాసుకుంటే ఇంక ఈ పుస్తకం ఎందుకు?

ఆ నోటీసు చదివాను. పని మొదలుపెట్టే రోజున, పదకొండు గంటలప్పుడు, ఏడో పేజీ అడుగుదాకా చదివాను. అర్థమైంది. పంతొమ్మిదేళ్ల నుంచి చేస్తున్నదానికి ఎందుకర్థం కాదు? పెన్సిలుతో అంచున గీత పెట్టి పక్కన ప్రశ్నార్థకం కూడా పెట్టాను. అప్పుడే ఔయాంగ్ సారు గుమ్మం దగ్గర్నుంచి కేక వేశారు. "సుక్‌మన్, నీదొక్కటే మిగిలింది! పంది చల్లారిపోతోంది!" అందరూ నావైపు చూసి నవ్వారు. ఆ పూట ఫైలు వెనక్కి పంపితే నా మొహాన ఉమ్మేవాళ్లేం కాదు. కాకపోతే ఏడాదంతా, ఏ చిన్న అడ్డం వచ్చినా, "ఇదంతా సుక్‌మన్ చలవే" అనేవాళ్లు. అంతకుమించి ఏమీ కాదు. ఆ మాట పడటానికి భయపడ్డాను.

గీత చెరిపేశాను. సోమవారం మళ్లీ తీద్దాం అనుకున్నాను. ఏ సోమవారమూ తియ్యలేదు. కాగితం వెలుతురుకి పెట్టి చూస్తే గీత నొక్కు ఇప్పటికీ కనపడుతోంది.

సిగ్గుగా ఉంది. ఇంతకాలం సిగ్గు లేకుండా ఎలా ఉన్నానో అర్థం కావడంలేదు.

నవంబరు 14, మంగళవారం

రాసి ఇచ్చేశాను. జనవరి ఇరవయ్యారున ఆ ఫండు సంక్లిష్టం. నోటీసు నేను చదివాను, తెలిసే పచ్చ గుర్తు ఉంచాను. అరపేజీ. నెల రోజులు ఈ అరపేజీ రాయలేకపోయాను.

ఉద్యోగం పోతే పోనీ. ఆయన గూడు ఆయనకి దక్కుతుంది. ఇంకా పదహారు రోజులుంది.

నవంబరు 15, బుధవారం

సారు అరుస్తారనుకున్నాను. అరవలేదు. కాగితం రెండుసార్లు చదివి సొరుగులో పెట్టుకున్నారు.

"నిజాయితీగా రాశావు. నియంత్రణ సంస్థకి ఇలాగే పంపుతాను. మిగిలినవాళ్లకి మొత్తం వెనక్కిచ్చేద్దాం."

"మిగిలినవాళ్లంటే?"

"శుక్రవారం లోపు సంతకం పెట్టనివాళ్లు. నూటికి ఎనభైమంది పెట్టేశారు. పెద్ద భారమేం పడదులే."

"పెట్టినవాళ్లకి?"

"సంతకం సంతకమే కదా. నీకు తెలీదా?"

నిదానంగా చెయ్యమన్నది ఇందుకా అని అడిగాను. ఆయన నావైపు కాస్త జాలిగానే చూశారు.

"ఎప్పటిలోగా ఇవ్వాలో నేను చెప్పలేదు సుక్‌మన్. మర్నాడే తెచ్చి ఇచ్చినా తీసుకునేవాణ్ణి."

నిజమే. తీసుకోక తప్పేది కాదు. అది ఇంకా ఘోరం.

నవంబరు 16

కామ్ బాబాయ్ సంతకం పెట్టేశారు. పదో తేదీ ఉదయమే, బ్రాంచికి వెళ్లి, వరసలో నిలబడి మరీ.

నవంబరు 22, బుధవారం

ఆయన సంతకం రద్దు చెయ్యమని రెండుసార్లు రాశాను. కుదరదని రెండుసార్లు వచ్చింది. ఒక్కరికి చేస్తే పెట్టినవాళ్లందరికీ చెయ్యాలట. చెయ్యండి అన్నాను. రేపట్నుంచి సెలవు మీద ఉండమన్నారు.

గూడుకి తక్కువపడింది నేను సర్దుతాను బాబాయ్ అని వెళ్లి అడిగాను. ఎందుకు సర్దుతానంటున్నానో మాత్రం నోటికి రాలేదు.

ఆయన టీ కలుపుతూ నవ్వారు. "నీ డబ్బుతో కొన్న గూట్లో ఆవిడకి నిద్ర పట్టదే. బతికున్నప్పుడు పొరుగింట్లో చిటికెడు ఉప్పు అడగలేదు. ఎటూ ఇరవయ్యేళ్ల తర్వాత వాళ్లు పోసేదే, ఆ పనేదో నేనున్నప్పుడే నా చేత్తో చేసేస్తా. అస్థికలు సముద్రంలో కలపడానికి శనివారాలు ప్రభుత్వం పడవ ఉందిగా, ఉచితం. పేరు కూడా ఇచ్చేశా. నువ్వూ వస్తావా?"

నవంబరు 30

గడువు.

డిసెంబరు 2, శనివారం

నార్త్ పాయింట్ రేవు. పడవలో ఇరవై కుటుంబాలదాకా ఉన్నాయి, అందరి ఒళ్లోనూ నీళ్లలో కరిగే అస్థికల సంచి. గాలి లేదు, నీళ్లు కదలకుండా ఉన్నాయి. "చూశావా, ఆవిడకోసమే ఊరుకుంది" అన్నారు కామ్ బాబాయ్. కోటు జేబులోంచి ఉప్పు వేసి ఎండబెట్టిన ప్లమ్ పండ్ల పొట్లం తీశారు. పడవ ప్రయాణంలో కడుపులో తిప్పకుండా చప్పరిస్తారు అవి. నీళ్లలో పూలరేకులు తప్ప ఇంకేమీ వెయ్యకూడదని అక్కడి ఉద్యోగి చెప్పింది. ఆయన పొట్లం వైపు కాసేపు చూసి, ఒకటి తన నోట్లో వేసుకున్నారు.

పడవ పక్కన నీళ్లలోకి దిగే తెల్లని జారుడు గొట్టం ఉంది. పేరు పిలిచారు. "సావ్‌హా, కళ్లు మూసుకో. రెండు నిమిషాలే" అని సంచి అందులో వదిలారు. చప్పుడు కూడా రాలేదు. రేకులు నేను చల్లాను. ఆయన బుట్ట పట్టుకున్నారు.

తిరిగి వస్తుంటే బల్లమీద నా పక్కన కూర్చున్నారు.

"అమ్మాయ్, అసలదేంటే ఆ ఫండు? ఇప్పుడైనా చెప్పు. ఇంక పోయేదేముంది?"

చెప్పాను. ముందు వాళ్లు నిజంగా షేర్లు కొనేవాళ్లు. తర్వాత కొనడం మానేశారు. కొనకపోయినా అంత డబ్బూ నేనిస్తానని వేరేవాడు రాసిచ్చాడు. ఆ వేరేవాడు మునిగిపోయాడు.

"ఇంతేనా?" అన్నారు.

"అంతే బాబాయ్."

"తాడు తీసేసి, తాడుందని పక్కింటివాడు రాసిచ్చిన చీటీ కట్టి లిఫ్టు నడిపారన్నమాట!" నోట్లో గింజ చేతిలోకి ఊసి జేబులో వేసుకున్నారు. "నలభై ఏళ్లు తాళ్లు తడిమి చూసినవాణ్ణే. ఈ ముక్క ఏప్రిల్లో ఎవరైనా చెప్పుంటే ఎక్కేవాణ్ణా నేను? ఫోన్లో వాళ్లు పెట్టిన కాగితాలు మూడుసార్లు చదివా తెలుసా. బుర్రకెక్కలేదు. పచ్చ గుర్తుందిగా, అందరికీ అర్థమయ్యేదే అయ్యుంటుంది, నేనే మొద్దునైపోయాననుకున్నా. మొన్న ఆ ఉత్తరానికి కూడా అందుకే పెట్టేశా సంతకం. ఇంకొకర్ని అడిగి నవ్వులపాలు కావడం ఎందుకని."

పొట్లం మడిచి మళ్లీ కోటు జేబులో పెట్టుకున్నారు.

"ఆ గుర్తులు పెట్టేదెవరే?"

"నేనే బాబాయ్."

వినపడలేదేమో అనుకున్నాను. వినపడింది. నావైపు తిరిగారు. కోపం లేదు ముఖంలో, ఏదో లెక్క తప్పినట్టు చూశారు.

"రెండంతస్తుల పైనేగా నువ్వుండేది" అన్నారు.

రేవులో దిగి ఇంటికి వేరే బస్సులో వెళ్లారు.